ప్లేట్‌లెట్లు రెండోసారి పడిపోయినప్పుడు: సెప్సిస్‌లో గడ్డకట్టే లోపాల నిర్ధారణపై ఒక కేసు

సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగి కేస్ షీట్‌లో 'డీఐసీ' (రక్తనాళాల్లో అంతటా చిన్న గడ్డలు కట్టి, గడ్డకట్టే సరుకు ఖర్చయిపోయే స్థితి) అని ఒకసారి రాశామంటే, ఆ తర్వాత వారం పాటు రక్తంలో వచ్చే ప్రతి మార్పూ దాని ఖాతాలోనే పడుతుంది. గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు తగ్గితే డీఐసీ, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పెరిగితే డీఐసీ, చివరికి కాలు వాచినా డీఐసీయే. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఈ అలవాటే. ఒకే రోగిలో, పది రోజుల వ్యవధిలో, మూడు వేర్వేరు కారణాల వల్ల గడ్డకట్టే పరీక్షలు దెబ్బతిన్నాయి. మూడింటికీ చికిత్సలు వేరు. మొదటి సమస్య నడుస్తున్నప్పుడు రక్షణగా ఇచ్చిన మందే మూడో సమస్యకు మూలం. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

58 ఏళ్ల స్త్రీ, మధుమేహం ఉంది. నాలుగు రోజులుగా చలిజ్వరం, ఎడమ నడుము దగ్గర నొప్పి, వాంతులు. వారం రోజులకు పైగా సరిగా తినడం లేదని కుటుంబసభ్యులు చెప్పారు. ఈ చిన్న వివరం తర్వాత చాలా పనికొచ్చింది. వచ్చేసరికి రక్తపోటు 78/44, నాడి నిమిషానికి 128, శ్వాస 30, మాటలో తడబాటు. కణజాలానికి రక్తం చాలడం లేదని చెప్పే లాక్టేట్ 5.4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.9, కాలేయం పనితీరు చెప్పే బిలిరుబిన్ 3.1, మూడూ ఎక్కువే. సీటీ స్కాన్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం (యురేటర్) పై భాగంలో 9 మిల్లీమీటర్ల రాయి అడ్డుపడి ఉంది. అంటే మూసుకుపోయిన గొట్టం వెనక చీము ఒత్తిడితో నిలిచి ఉంది. కల్చర్లలో, రక్తంలోనూ మూత్రంలోనూ, ఇ. కొలై పెరిగిందని తర్వాత తెలిసింది.

ద్రవాలు, మెరోపెనెం అనే యాంటీబయాటిక్, రక్తపోటు నిలిపేందుకు నిమిషానికి కిలోకు 0.4 మైక్రోగ్రాముల నారడ్రినలిన్. ధమని లైను, అంటే ధమనిలో సన్నని గొట్టం, పెట్టాం. ఆ లైనును కడిగే సెలైన్ సంచిలో మా యూనిట్ పద్ధతి ప్రకారం కొద్దిగా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉంది. కేస్ షీట్‌లో మందుల పట్టికలో అది కనిపించదు. ఎవరూ దాన్ని మందుగా లెక్కించరు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

మొదటి రక్తపరీక్షలు: ప్లేట్‌లెట్లు 1.38 లక్షలు, పీటీ 17.2 సెకన్లు (కంట్రోల్ 13), ఐఎన్ఆర్ 1.5, ఏపీటీటీ 41 సెకన్లు, ఫైబ్రినోజెన్ 610 మి.గ్రా., డీ-డైమర్ 6,200 (సాధారణ గరిష్ఠం 500). పీటీ, ఏపీటీటీ రక్తం గడ్డకట్టే సమయాన్ని రెండు దారుల్లో కొలుస్తాయి, ఐఎన్ఆర్‌ను పీటీ నుంచే లెక్కిస్తారు. ఫైబ్రినోజెన్ గడ్డకు పోగులిచ్చే ప్రోటీన్, డీ-డైమర్ గడ్డ కరిగినప్పుడు మిగిలే ముక్క.

1.38 లక్షలను చూసి చాలామంది తృప్తిపడతారు. లక్ష దాటింది, కంగారు లేదు అనుకుంటారు. కానీ మూడు వారాల క్రితం ఔట్ పేషెంట్‌గా చేయించుకున్న పరీక్ష కాగితం ఆమె సంచిలో ఉంది: అప్పుడు 2.96 లక్షలు. సగానికి పైగా అప్పటికే పోయాయన్నమాట. సెప్సిస్ రోగి కుటుంబాన్ని నేను తప్పకుండా అడిగే మొదటి ప్రశ్నల్లో పాత రక్తపరీక్ష రిపోర్టు ఒకటి. ఐసీయూలో దానికి మించిన చవకైన పరీక్ష లేదు.

నమ్మే ముందు శాంపిల్‌ను అనుమానించాలి

గడ్డకట్టే పరీక్షలు ట్యూబులో మొదలై ట్యూబులోనే చెడిపోగలవు. సిట్రేట్ ట్యూబులో రక్తం, సిట్రేట్ నిష్పత్తి 9:1 ఉండాలి. గీత దాకా నింపకపోతే సిట్రేట్ ఎక్కువై పీటీ, ఏపీటీటీ రెండూ అబద్ధంగా పెరుగుతాయి. ప్లేట్‌లెట్లకు వాడే ఈడీటీఏ ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి యంత్రానికి తక్కువగా కనిపిస్తాయి. అందుకే మొదటి గంటలోనే స్మియర్ (గాజు పలకపై పరిచిన రక్తపు చుక్క) సూక్ష్మదర్శినిలో చూడమని పాథాలజిస్టును అడిగాం. గుంపులు లేవు. న్యూట్రోఫిల్స్‌లో ముదురు రేణువులు, చాలా అపరిపక్వ కణాలు ఉన్నాయి. ముక్కలైన ఎర్రకణాలు అక్కడక్కడ, ఒక శాతం కన్నా తక్కువ. మలేరియా పరాన్నజీవులు లేవు.

ఈ ఒక్క స్లయిడు పెద్ద జాబితాను చిన్నది చేసింది. టీటీపీ అనే, చిన్న నాళాల్లో ప్లేట్‌లెట్ గడ్డలు కట్టే అరుదైన జబ్బులో ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోయినా పీటీ సాధారణంగా మామూలుగానే ఉంటుంది, ముక్కలైన కణాలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇక్కడ రెండూ తలకిందులుగా ఉన్నాయి. ఆమె వార్ఫరిన్ వంటి, గడ్డకట్టనివ్వని మందులు వాడడం లేదు, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి గుర్తులు లేవు. కాబట్టి సెప్సిస్ వల్లే ఈ మార్పు అని అనుకోవడానికి ఆధారం ఉంది. అది ఏ దశలో ఉందన్నది తేలాలి.

రెండు స్కోర్లు, రెండు ప్రశ్నలు

అంతర్జాతీయ థ్రాంబోసిస్ సంఘం, అంటే ఐఎస్‌టీహెచ్, 2001లో ఇచ్చిన డీఐసీ స్కోరు ప్రకారం లెక్క వేశాం. ప్లేట్‌లెట్లు లక్షకు పైన: 0. డీ-డైమర్ బాగా పెరిగింది: 3. పీటీ 3 నుంచి 6 సెకన్లు పెరిగింది: 1. ఫైబ్రినోజెన్ 100కు పైన: 0. మొత్తం 4. బాహాటమైన డీఐసీ అనడానికి 5 కావాలి. లేదన్నమాట.

2017లో వచ్చిన ఎస్ఐసీ, అంటే సెప్సిస్ వల్ల కలిగే గడ్డకట్టే లోపానికి వేసే స్కోరు, వేరే జవాబు ఇచ్చింది. ప్లేట్‌లెట్లు లక్ష, లక్షన్నర మధ్య: 1. ఐఎన్ఆర్ 1.4కు పైన: 2. శ్వాస, రక్తప్రసరణ, కాలేయం, కిడ్నీలకు సంబంధించి, అవయవాల దెబ్బను కొలిచే సోఫా స్కోరు 2 లేదా ఎక్కువ: 2. మొత్తం 5. నాలుగు దాటింది, అందులో ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ వాటా కలిపి 2 మించింది. కాబట్టి ఎస్ఐసీ ఉంది.

ఒకే రోగికి ఒకటి 'ఉంది', ఒకటి 'లేదు' అనడం చూసి జూనియర్ డాక్టర్లు విసుక్కున్నారు. నిజానికి ఇందులో వైరుధ్యం లేదు. డీఐసీ స్కోరు అడిగేది గడ్డకట్టే వ్యవస్థ కుప్పకూలిందా అని. ఎస్ఐసీ స్కోరు అడిగేది కూలడం మొదలైందా అని. అందుకే రెండోదానిలో ఫైబ్రినోజెన్, డీ-డైమర్ లేవు. సెప్సిస్‌లో దాదాపు అందరికీ డీ-డైమర్ పెరుగుతుంది, ఫైబ్రినోజెన్ వాపు వల్ల పైకే వెళుతుంది. మొదటి గంటల్లో ఈ రెండూ రోగులను వేరుచేయడానికి పెద్దగా ఉపయోగపడవు. ఎస్ఐసీ పాజిటివ్ అయితే మేం చేసే పని ఒకటే: పరీక్షలన్నీ పన్నెండు గంటలకు అటూఇటుగా తిరిగి చేయించడం. మర్నాటి ఉదయపు రౌండ్స్ దాకా ఆగడం కాదు.

ఈ మధ్యలో జరిగిన అసలు చికిత్స గడ్డకట్టడానికి సంబంధించినదే కాదు. మూసుకున్న కిడ్నీని తెరవాలి. చర్మం గుండా కిడ్నీలోకి గొట్టం వేయవచ్చు, లేదా మూత్రాశయం వైపు నుంచి స్టెంట్ అనే సన్నని గొట్టం పంపవచ్చు. మొదటి పద్ధతిలో రక్తనాళాలు నిండిన కిడ్నీని సూదితో పొడవాలి. ఐఎన్ఆర్ పెరుగుతూ ప్లేట్‌లెట్లు తగ్గుతున్న మనిషికి రెండోది మేలని యూరాలజిస్టు, నేను ఒకే మాటగా నిర్ణయించాం. ఆ రాత్రే స్టెంట్ వేశారు. బయటికి వచ్చింది చీము కలిసిన మూత్రం. ముందుగా ప్లాస్మా (గడ్డకట్టే ప్రోటీన్లున్న రక్తద్రవం) ఎక్కించాలా అని మత్తుమందు డాక్టరు అడిగారు. వద్దన్నాను. రక్తస్రావం లేని మనిషికి, ఐఎన్ఆర్ 1.5 ఉన్నప్పుడు, ప్లాస్మా ఆ అంకెను పెద్దగా కదిలించదు. ఊపిరితిత్తులకు నీటి భారం మాత్రం మిగులుతుంది.

రెండో రోజు: 'నార్మల్' అని అచ్చయిన ఫైబ్రినోజెన్

పద్నాలుగు గంటల తర్వాత చేసిన పరీక్షల్లో ప్లేట్‌లెట్లు 64 వేలు, పీటీ 20.1 సెకన్లు, ఐఎన్ఆర్ 1.8, డీ-డైమర్ 14,000. ఫైబ్రినోజెన్ 240. ల్యాబ్ కాగితంలో దాని పక్కన 'నార్మల్' అని ఉంది, ఎందుకంటే సాధారణ పరిధి 200 నుంచి 400.

ఆ మాట నమ్మితే మోసపోతాం. ముందు రోజు 610 ఉన్నది ఇవాళ 240. పొంగి పొర్లుతున్న చెరువు ఒక్క రాత్రిలో సగానికి పైగా దిగిపోతే, మామూలు రోజుల మట్టం ఉంది కదా అని ఎవరూ సంతోషించరు. ఫైబ్రినోజెన్ అర్ధాయువు మూడు నాలుగు రోజులు. కాలేయం తయారీ పూర్తిగా ఆపేసినా పద్నాలుగు గంటల్లో ఇంత తగ్గదు. సెలైన్ వల్ల పలచబడిందా? హీమోగ్లోబిన్ 11.8 నుంచి 10.6కు, అంటే పదో వంతు మాత్రమే తగ్గింది. ఫైబ్రినోజెన్ అరవై శాతం తగ్గింది. ఇక మిగిలింది ఒకటే: అది ఖర్చవుతోంది.

డీఐసీ స్కోరు ఇప్పుడు 6: ప్లేట్‌లెట్లకు 1, డీ-డైమర్‌కు 3, పీటీకి 2, ఫైబ్రినోజెన్‌కు సున్నా. గమనించండి, ఇంత నాటకం ఆడిన ఫైబ్రినోజెన్‌కు స్కోరులో ఒక్క పాయింటు కూడా రాలేదు. 100 కన్నా తగ్గితేనే పాయింటు ఇస్తారు. సెప్సిస్ వల్ల వచ్చే డీఐసీలో ఆ గీత కిందికి దిగేవారు తక్కువ. ఇంకా దిగితే స్కోరు కన్నా ముందే రోగిలో తెలుస్తుంది. ఈ విషయంలో 2006 నాటి జపాన్ అత్యవసర వైద్యుల ప్రమాణాలు నాకు ఎక్కువ నచ్చుతాయి. అవి ప్లేట్‌లెట్ల సంఖ్యతో పాటు పతన వేగాన్నీ లెక్కిస్తాయి. 24 గంటల్లో సగానికి పైగా తగ్గితే, సంఖ్య ఎంత ఉన్నా, నేరుగా 3 పాయింట్లు. మా రోగిలో తగ్గుదల 54 శాతం.

ఇక్కడ శరీరంలో ఏం జరుగుతోందో తెలిసినవారు ఈ పేరా దాటేయవచ్చు. బ్యాక్టీరియా ముక్కలు తగిలిన మోనోసైట్లు తమ ఉపరితలంపై టిష్యూ ఫ్యాక్టర్‌ను బయటపెడతాయి, దాంతో రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ తయారీ మొదలవుతుంది. న్యూట్రోఫిల్స్ విసిరిన డీఎన్ఏ వలలు దానికి తోడవుతాయి. అదుపు చేయవలసిన యాంటీత్రాంబిన్, ప్రోటీన్ సి ఖర్చయిపోతాయి. ప్రోటీన్ సి ని మేల్కొలిపే త్రాంబోమాడ్యులిన్ రక్తనాళాల లోపలి పొర నుంచి ఊడిపోతుంది. అన్నిటికీ మించి పీఏఐ-1 అనే పదార్థం విపరీతంగా పెరిగి, ఏర్పడిన గడ్డలను కరిగించే పనిని ఆపేస్తుంది. అందుకే సెప్సిస్ డీఐసీలో రక్తం కారడం కన్నా సూక్ష్మనాళాలు మూసుకుపోవడం ఎక్కువ. కాన్పు సమయంలో వచ్చే డీఐసీలోనో, కొన్ని రకాల ల్యుకేమియాలలోనో రక్తం ధారగా కారడం చూసిన కళ్లకు ఇది డీఐసీలాగే అనిపించదు. ఈమెకు సూది గుచ్చిన ఒక చోట కాస్త చెమ్మ తప్ప రక్తస్రావం లేదు. కానీ కాలివేళ్ల కొసలు నల్లబడ్డాయి, మోకాళ్ల మీద మచ్చల్లా రంగు మారింది, మూత్రం గంటకు పదిహేను మిల్లీలీటర్లు. ఆమె డీఐసీ అక్కడ ఉంది.

డయాలిసిస్ అవసరమైంది. ఎడమ తొడ సిరలో అల్ట్రాసౌండ్ సహాయంతో కాథెటర్ పెట్టాం. రక్తం కారితే చేత్తో నొక్కి ఆపగలిగే చోటు కాబట్టి తొడను ఎంచుకున్నాం. ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. స్టెంట్ వేసిన రాత్రి మొదలుపెట్టిన నివారణ మోతాదు హెపారిన్, చర్మం కింద 5,000 యూనిట్లు, కొనసాగించాం. ప్లేట్‌లెట్లు 41 వేలకు దిగిన మూడో రోజు కూడా ఆపలేదు. ఈ నిర్ణయంతో అందరూ ఏకీభవించరు. 50 వేల దగ్గరే ఆపేసేవారు చాలామంది. నా వాదన ఇది: రక్తస్రావం లేని డీఐసీ రోగికి గడ్డకట్టే ప్రమాదమే ఎక్కువ. సంఖ్య మరీ అడుగంటితేనో, రక్తం కారడం మొదలైతేనో ఆపుతాను. రక్తస్రావం లేకపోతే ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి నా గీత 10 వేలు. రక్తం కారుతున్నా, పెద్ద ప్రొసీజర్ ఉన్నా 50 వేలు.

డీఐసీకి 'మందు' ఏదైనా ఇవ్వలేమా అని కుటుంబసభ్యులలో వైద్యం చదువుతున్న ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 2001లో యాక్టివేటెడ్ ప్రోటీన్ సి పై ఆశలు పెరిగి, మందు మార్కెట్లోకి వచ్చింది. తర్వాతి ట్రయల్‌లో మరణాలు తగ్గలేదని తేలడంతో 2011లో కంపెనీయే ఉపసంహరించుకుంది. ఎక్కువ మోతాదు యాంటీత్రాంబిన్ 2001 నాటి పెద్ద ట్రయల్‌లో మరణాలు తగ్గించలేదు, హెపారిన్‌తో కలిసినప్పుడు రక్తస్రావం పెంచింది. త్రాంబోమాడ్యులిన్‌పై 2019లో వెలువడిన స్కార్లెట్ ట్రయల్‌లోనూ 28 రోజుల మరణాల్లో గణనీయమైన తేడా రాలేదు. అందులో కొందరికి మందు అందేసరికే గడ్డకట్టే లోపం సర్దుకుంది. జపాన్‌లో చివరి రెండు మందులనూ ఇప్పటికీ వాడతారు. మా రోగికి పనిచేసిన మందు ఆ స్టెంట్, సరైన యాంటీబయాటిక్.

ఒక అర్ధరాత్రి రిపోర్టు

మూడో రోజు రాత్రి ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది: ఏపీటీటీ 180 సెకన్లు దాటింది, గడ్డే కట్టడం లేదు. డ్యూటీ డాక్టరు నాలుగు యూనిట్ల ప్లాస్మాకు చీటీ రాసేశారు. అదే శాంపిల్‌లో పీటీ 19 సెకన్లు, ఉదయంతో దాదాపు సమానం. ఫైబ్రినోజెన్ మారలేదు, ప్లేట్‌లెట్లు మారలేదు, రోగి మారలేదు. కొన్ని గంటల్లో ఏపీటీటీ ఒక్కటే ఆకాశానికి ఎగిరిందంటే డీఐసీ ముదిరిందని కాదు, ట్యూబులో హెపారిన్ పడిందని అనుమానించాలి. పీటీ రసాయనాల్లో చాలావాటిలో హెపారిన్‌ను కొంత మేరకు నిర్వీర్యం చేసే పదార్థం కలుపుతారు, కాబట్టి పీటీ మోసపోదు. ఏపీటీటీ, త్రాంబిన్ టైమ్ మోసపోతాయి. శాంపిల్ ధమని లైను నుంచి తీశారు. రెండో చేతి సిర నుంచి తీసి పంపితే 46 సెకన్లు వచ్చింది. ప్లాస్మా చీటీ చించేశాం.

ఏడో రోజు: ప్లేట్‌లెట్లు పైకి, ఐఎన్ఆర్ కూడా పైకి

నాలుగో రోజు నుంచి అన్నీ దారిలో పడ్డాయి. కల్చర్ రిపోర్టు చూసి మెరోపెనెం ఆపి సెఫోపెరజోన్-సల్బాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. నారడ్రినలిన్ తగ్గుతూ వచ్చింది. ఐదో రోజు ప్లేట్‌లెట్లు 78 వేలు, ఐఎన్ఆర్ 1.5, ఫైబ్రినోజెన్ 380. ఆరో రోజు డయాలిసిస్ కాథెటర్ తీసేశాం. ఏడో రోజు ప్లేట్‌లెట్లు 1.46 లక్షలు, ఫైబ్రినోజెన్ 520, డీ-డైమర్ 2,600కు దిగింది. ఐఎన్ఆర్ మాత్రం 2.1.

కేస్ షీట్‌లో 'డీఐసీ కొనసాగుతోంది' అని రాసి ఉంది. కానీ డీఐసీకి ఒక లక్షణం ఉంది: దాని అంకెలు జట్టుగా నడుస్తాయి. ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు పెరుగుతూ, డీ-డైమర్ తగ్గుతూ, పీటీ ఒక్కటే చెడితే దాని కారణం వేరే ఉంటుంది. కాలేయమా, విటమిన్ కె లోపమా? ఇక్కడ గడ్డకట్టే ప్రోటీన్లలో ఒకటైన ఫ్యాక్టర్ 5 న్యాయం చెబుతుంది. అది కాలేయంలోనే తయారవుతుంది కానీ దానికి విటమిన్ కె అక్కరలేదు. ఫ్యాక్టర్ 7కు రెండూ కావాలి. ఈమెలో ఫ్యాక్టర్ 5 మామూలులో 92 శాతం ఉంది, ఫ్యాక్టర్ 7 మాత్రం 16 శాతమే. కాలేయం బాగానే ఉంది, బిలిరుబిన్ కూడా 1.4కు వచ్చింది. లోపం విటమిన్ కె ది.

కారణం వెతకనక్కరలేదు. ఆసుపత్రికి రాకముందు వారం తిండి లేదు. వచ్చాక పేగులు కదలక గొట్టం ద్వారా ఇచ్చిన ఆహారమూ అంతంతే. పైగా సెఫోపెరజోన్ రసాయన నిర్మాణంలోని పక్క గొలుసు, శరీరం విటమిన్ కె ను తిరిగి వాడుకునే చక్రాన్ని అడ్డుకుంటుంది. పేగుల్లో విటమిన్ కె తయారుచేసే బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌తో తుడిచిపెట్టుకుపోయింది. సిరలో నెమ్మదిగా 10 మి.గ్రా. విటమిన్ కె ఇచ్చాం. మర్నాడు ఐఎన్ఆర్ 1.3.

ఫ్యాక్టర్ పరీక్షలు లేని చోట పనిచేసేవారికి ఒక మాట: ఆ పరీక్షలు లేకపోయినా నిర్ధారణ ఆగదు. విటమిన్ కె ఇచ్చి ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఐఎన్ఆర్ చూడండి. దిగితే అదే నిర్ధారణ, అదే చికిత్స. దిగకపోతే కాలేయం వైపు చూడాలి. ప్లాస్మాతో ఆ అంకెను తాత్కాలికంగా సరిచేస్తే ఈ ఆధారం చెరిగిపోతుంది.

తొమ్మిదో రోజు

ఎనిమిదో రోజు ప్లేట్‌లెట్లు 1.88 లక్షలు. తొమ్మిదో రోజు 1.12 లక్షలు. పదో రోజు 71 వేలు.

| రోజు | ప్లేట్‌లెట్లు | ఐఎన్ఆర్ | ఫైబ్రినోజెన్ | డీ-డైమర్ |
|---|---|---|---|---|
| 1 | 1,38,000 | 1.5 | 610 | 6,200 |
| 2 | 64,000 | 1.8 | 240 | 14,000 |
| 3 | 41,000 | 1.7 | 210 | – |
| 5 | 78,000 | 1.5 | 380 | 5,100 |
| 7 | 1,46,000 | 2.1 | 520 | 2,600 |
| 8 | 1,88,000 | 1.3 | – | – |
| 10 | 71,000 | 1.2 | 490 | 11,000 |

పదో రోజు వరుసను మాత్రమే చూపిస్తే పది మందిలో తొమ్మిది మంది 'సెప్సిస్ తిరగబెట్టింది' అంటారు. మా రౌండ్స్‌లోనూ అదే మాట వచ్చింది. యాంటీబయాటిక్ మార్చాలి, కల్చర్లు మళ్లీ పంపాలి, కాథెటర్ ఇన్ఫెక్షన్ వెతకాలి అని. కల్చర్లు పంపడంలో తప్పు లేదు, పంపాం. కానీ రోగి ఏమంటోంది? జ్వరం లేదు, నారడ్రినలిన్ ఆగి రెండు రోజులైంది, లాక్టేట్ 1.2, మూత్రం బాగా వస్తోంది, కూర్చొని మాట్లాడుతోంది. సెప్సిస్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయే మనిషి ఇలా ఉండదు. సెప్సిస్‌లో ప్లేట్‌లెట్లు సాధారణంగా మొదటి నాలుగు రోజుల్లో పడి, కోలుకునేవారిలో తర్వాత లేస్తాయి. లేచినవి మళ్లీ పడితే అది కొత్త ప్రశ్న, దానికి కొత్త జాబితా కావాలి. కొత్త ఇన్ఫెక్షన్ అందులో ఒకటి, మందులు ఒకటి, రక్షణ కణాలే రక్తకణాలను మింగేసే హీమోఫాగోసైటిక్ సిండ్రోమ్ ఒకటి, హెపారిన్ ఒకటి.

మందుల్లో లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా పది రోజులు దాటాక ఈ పని చేస్తుంది, ఈమెకు ఇవ్వలేదు. హీమోఫాగోసైటిక్ సిండ్రోమ్ అయితే జ్వరం, ఎగిసిపడే ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్), పడిపోయే ఫైబ్రినోజెన్ ఉండాలి. ఇక్కడ ఫైబ్రినోజెన్ 490. హెపారిన్ మొదలైంది మొదటి రోజు. హెపారిన్ వల్ల రోగనిరోధక వ్యవస్థ తిరగబడి ప్లేట్‌లెట్లు పడిపోయే హిట్ అనే సమస్య ఐదు నుంచి పది రోజుల మధ్య వస్తుంది. తేదీ సరిగ్గా అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నం నర్సు ఎడమ కాలు కుడికాలి కన్నా లావుగా ఉందని చెప్పింది. డాప్లర్ స్కాన్‌లో తొడ సిర నిండా గడ్డ.

హిట్ ఉండే అవకాశాన్ని అంచనా వేసే 4టీ స్కోరు వేశాం. ప్లేట్‌లెట్లు 62 శాతం తగ్గాయి, 20 వేలకు పైనే నిలిచాయి: 2. సమయం: 2. కొత్త గడ్డ: 2. వేరే కారణం ఉండే అవకాశం: కొంత ఉంది, కాబట్టి 1. మొత్తం 7. ఆరు లేదా అంతకు మించితే సంభావ్యత ఎక్కువ. ఆ గడ్డ కాథెటర్ ఉన్న చోటే ఏర్పడింది కదా, హిట్ ఎందుకనుకోవాలి అని ఒక సహోద్యోగి వాదించారు. మంచి వాదనే, కానీ హిట్‌లో గడ్డలు సిర గాయపడ్డ చోటే ముందుగా ఏర్పడతాయి. కాథెటర్ ఉండటం హిట్‌ను కొట్టేయదు.

ఈ స్కోరు గురించి ఐసీయూ డాక్టర్లకు ఒక హెచ్చరిక అవసరం. స్కోరు తక్కువగా ఉంటే హిట్ లేదని చాలావరకు నమ్మవచ్చు. ఎక్కువగా ఉంటే ఉందని నమ్మలేం. తీవ్ర రోగుల్లో ప్లేట్‌లెట్లు తగ్గడం సర్వసాధారణం, అందులో హిట్ వాటా చిన్నది. అందుకే హిట్ తెచ్చే యాంటీబాడీలను వెతికే పీఎఫ్4 యాంటీబాడీ పరీక్ష పంపాలి, కానీ రిపోర్టు వచ్చేదాకా హెపారిన్ నడిపించకూడదు. అనుమానం గట్టిగా ఉంటే ఆ గంటలోనే ఆపాలి.

'ఆపడం' అంటే చర్మం కింద ఇచ్చేది మాత్రమే కాదు. ధమని లైను కడిగే సంచి, సిరలోని గొట్టాలను మూసే ద్రావణం, హెపారిన్ పూత ఉన్న కాథెటర్లు, అన్నీ. సంచి మార్చడానికి నేనే బెడ్ దగ్గరికి వెళ్లాను, ఎందుకంటే మందుల పట్టికలో గీత కొడితే సంచి ఆగదు. తక్కువ అణుభారం హెపారిన్‌కు మార్చడం పరిష్కారం కాదు, యాంటీబాడీలు దాన్నీ గుర్తుపడతాయి. ప్లేట్‌లెట్లు ఎక్కించడమూ వద్దు, రక్తస్రావం లేనప్పుడు అది మంటకు నూనె. వార్ఫరిన్ ఇప్పుడే మొదలుపెడితే ప్రోటీన్ సి ముందుగా పడిపోయి కాళ్లూ చేతులూ కోల్పోయే ప్రమాదం ఉంది. అంతకుమించి, ఆపి ఊరుకోవడం చాలదు. గడ్డ లేకపోయినా హిట్ రోగికి వేరే యాంటీకోయాగ్యులెంట్ (గడ్డకట్టనివ్వని మందు) కావాలి. కిడ్నీలు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, కాలేయం కోలుకుంది. అందుకని కాలేయం ద్వారా విసర్జితమయ్యే అర్గట్రోబాన్‌ను ఎంచుకున్నాం. తీవ్ర అనారోగ్యం నుంచి ఇప్పుడే లేచిన మనిషి కాబట్టి తక్కువ మోతాదుతో, నిమిషానికి కిలోకు 0.5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి ఏపీటీటీతో సరిచేశాం. ఆ మందు తనంతట తానే ఐఎన్ఆర్‌ను పెంచుతుంది. మర్నాటి 2.4 చూసి విటమిన్ కె మళ్లీ ఇవ్వవద్దని కేస్ షీట్‌లో ముందే రాసిపెట్టాం.

పీఎఫ్4 యాంటీబాడీ పరీక్షలో ఆప్టికల్ డెన్సిటీ 2.1 వచ్చింది, అది గట్టి పాజిటివ్. హిట్‌ను ధ్రువీకరించే సెరటోనిన్ విడుదల పరీక్ష కూడా పాజిటివ్. రెండోసారి పంపిన కల్చర్లలో ఏమీ పెరగలేదు. అర్గట్రోబాన్ మొదలైన మూడో రోజుకు ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి.

ఆ తర్వాత

ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటి నిలిచాక, కిడ్నీ పనితీరు సరిపోతుందని నిర్ధారించుకొని నోటి మాత్రకు మార్చాం. కాలి గడ్డకు మూడు నెలలు. నల్లబడ్డ కాలివేళ్లలో రెండింటి కొసలు ఎండి, తమంతట తామే ఊడాయి. శస్త్రచికిత్స అక్కరలేదు.

ఒక చిక్కు మిగిలింది. రాయి ఇంకా లోపలే ఉంది, స్టెంటూ ఉంది. స్టెంటును నెలల తరబడి వదిలితే దాని మీదా రాయి పేరుకుంటుంది. యాంటీకోయాగ్యులెంట్ మీద ఉన్న మనిషికి బయటి తరంగాలతో రాయి పగలగొట్టకూడదు. యురేటర్ లోపలి నుంచి లేజర్‌తో తీయవచ్చు. గడ్డకు మొదటి నెల అత్యంత ప్రమాదకరం కాబట్టి అది దాటాక, మాత్రను కొద్ది రోజులు మాత్రమే ఆపి యూరాలజిస్టు లేజర్‌తో రాయి తీశారు. మాత్ర ఆపిన ఇలాంటి రోజుల్లో కొందరు హెపారిన్‌తో వంతెన కడతారు, అంటే ఆ ఖాళీని హెపారిన్‌తో పూడుస్తారు. ఈమెకు అది కుదరదు. కాబట్టి డిశ్చార్జి కాగితం మీద, మత్తుమందు చీటీ మీద, ఆమె పర్సులో ఉండే కార్డు మీద ఒకే వాక్యం రాయించాం: హెపారిన్ ఏ రూపంలోనూ, లైను కడగడానికి కూడా, ఇవ్వకూడదు.